మూడు రోజుల ఊరు

బైండింగ్ షాపు, వెనక గది
సోమవారం మధ్యాహ్నం

ఒసే నత్తా,

చేతికి జిగురు ఇంకా ఆరలేదు. కాగితం మీద వేలిముద్రలు పడితే తిట్టుకోకు. మూడొందల స్కూలు రికార్డు పుస్తకాలు కుట్టాలి, సూది కూడా నన్ను చూసి జాలిపడుతోంది. అయినా ఈ మాట నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మనం విదేశం వెళ్తున్నాం. నవ్వకు. శుక్రవారం వెళ్ళి ఆదివారం వచ్చేస్తాం. ఏడో క్లాసులో సోషల్ టీచరు అట్లాసు తెరిచినప్పుడు బెంచీ కింద చేతిలో చెయ్యి వేసుకుని ఒట్టు పెట్టుకున్నాం, గుర్తుందా? మనిద్దరికీ నలభై నిండాయి. ఇంకెప్పుడు, మోకాళ్ళు అరిగాకా?

నిన్ను మా ఇంటికి వదినగా తెచ్చుకుంటే జన్మంతా పక్కపక్కనే ఉంటామనుకున్నాను. పదకొండేళ్ళయింది. రెండు గంటల బస్సు దూరం, అయినా నేను వచ్చినప్పుడల్లా నువ్వు నిద్రలో ఉంటావు. ఫోను చూస్తే తలనొప్పి అంటావు. అన్నయ్య ఫోనుకి చేసి నేను పలకరిస్తే ‘ఊ’ ‘ఆ’ దాటి మాట రాదు. చివరికి ఈ ఉత్తరాలే మిగిలాయి. అవి కూడా ఈమధ్య ఎవరో హెడ్‌మాస్టరు దిద్ది పంపినట్టుంటున్నాయి. నా నత్త ఏమైపోయింది?

రెండు ఊళ్ళు చూసి పెట్టాను. ఒకటి సముద్రం ఉన్నది, ఇంకోటి నది ఉన్నది. ఏదో చెప్పు. అన్నయ్యని ఒప్పించే పూచీ నాది. నేను అడిగితే కాదంటాడా? అమ్మానాన్నా పోయాక భుజాన మోసి పెంచినవాడు.

నీ
పిడుగు

*

ఇల్లు
గురువారం

ప్రియమైన ఆడపడుచుకు,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. మీ అన్నయ్యగారు నా ఆరోగ్యం దృష్ట్యా మొదట సందేహించినా, మీరు తోడుంటారు కనుక ప్రయాణానికి అంగీకరించారు. నాకు సముద్రం ఉన్న ఊరి మీద మనసు ఉన్నది. కానీ నది ఉన్న ఊరే మంచిదని వారి అభిప్రాయం. ఆ విధంగానే చేద్దాము.

నా పాస్‌పోర్టు విమానాశ్రయంలో వారు మీ చేతికి ఇస్తారు. అది మీ వద్దనే ఉండాలి. ఉదయం తొమ్మిదికి, సాయంత్రం తొమ్మిదికి మీరు వారికి ఫోను చేయాలి. నాకు మతిమరుపు ఎక్కువైనందున నన్ను ఒంటరిగా ఎక్కడికీ పంపవద్దు.

మీ ఆదరణకు కృతజ్ఞతలు.

ఇట్లు,
మీ వదిన

*

మా ఇల్లు, వంటగది
సోమవారం

నత్తా,

ఎక్కడున్నావే?

మంచం మీద నువ్వు వదిలిపోయిన చీటీ నా ముందే ఉంది. “నన్ను వెతక్కు. నీకేమీ తెలియదని మీ అన్నయ్యకి చెప్పు, అది నిజమే కాబట్టి. రాయాలనిపిస్తే ఈ పోస్టు బాక్సు నంబరుకి రాయి. ఎవరికీ చెప్పకు.” ఇంతేనా? ముప్పై మూడేళ్ళ స్నేహానికి నాలుగు ముక్కలా?

నిన్న పొద్దున హోటలు గదిలోంచి రొట్టె తెస్తానన్నావు. పదినిమిషాల్లో వస్తానన్నావు. నేను స్నానం చేసి, నీ దుప్పటి కూడా మడతపెట్టి, కిటికీ దగ్గర నిలబడ్డాను. నాలుగో అంతస్తులోంచి రొట్టెల దుకాణం గుమ్మం బాగా కనిపిస్తుంది. వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. నీ బూడిదరంగు కోటు మాత్రం రాలేదు. గంట చూశాను. కిందికి దిగి దుకాణంలో చేతులతో సైగలు చేసి అడిగాను. ఇంత పొడుగు, మెడ ఇలా ఉంటుంది అని. పిచ్చిదాన్ననుకున్నారు. ట్రాము స్టాపులో చూశాను. వంతెన మీద చూశాను. నీళ్ళలోకి కూడా చూశాను. గదికి తిరిగొచ్చి మంచం మీది సూట్‌కేసు తీస్తే దాని కింద చీటీ కనపడింది. నా బ్యాగులో నీ పాస్‌పోర్టు లేదు.

విమానం ఎలా ఎక్కానో గుర్తులేదు. పక్క సీటు ఖాళీ.

బయట అన్నయ్య నిలబడి ఉన్నాడు. నా వెనక చూశాడు. ఇంకా వెనక చూశాడు. “మీ వదిన ఏదమ్మా?” అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. అదే మాట కార్లో పదిసార్లు అడిగాడు, ఒకే గొంతుతో. “మీ వదిన ఏదమ్మా? నీతోనే కదా పంపాను?”

ఇప్పుడు మా ముందుగదిలో కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు. దేవుడిలాంటి మనిషే! నిన్ను కాలు కింద పెట్టనిచ్చాడా? ఏం లోటు చేశాడని? ఎవరైనా ఉన్నారా అక్కడ? ఉంటే చెప్పి చావు. నన్ను అడ్డం పెట్టుకుని దాటావు. నేను మెట్టునా, నన్ను తొక్కి వెళ్ళడానికి?

చీటీ గురించి ఆయనకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు.

రాయి. తిట్టుకుంటూనే ఎదురుచూస్తున్నాను.

పిడుగు

*

ల్యాబు పైన గది
మంగళవారం

పిడుగూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తిట్లతో సహా అంతా బాగుంది, నీ గొంతు వినపడింది.

ఎవరూ లేరే. నాకు నేనే సరిగ్గా లేను, ఇంకొకరెక్కడ?

మా పాత ల్యాబు మేడమ్ నీకు గుర్తుందా, నేను పళ్ళ సెట్లు చేసే రోజుల్లో? ఆవిడ ఇక్కడే ల్యాబు పెట్టుకుంది. పని కాగితాలు ఆవిడే తెప్పించింది. మేడ మీద చిన్న గది ఇచ్చింది. ఒక మంచం, ఒక కుళాయి, రోడ్డు వైపు కిటికీ. పొద్దున ఎనిమిదింటికి కిందికి దిగుతాను. మైనంలో పళ్ళు నిలబెడతాను. మొదటి రోజు వేళ్ళు పని మర్చిపోయి, ఎవరో ముసలాయన ముందుపన్ను వంకరగా వచ్చింది. మూడోరోజుకి తిన్నగా వచ్చింది. దాన్ని చూసి ఏడ్చాను, పన్నును చూసి ఏడ్చేదాన్ని ఎక్కడైనా చూశావా?

ఎందుకు వచ్చానో అడగకు. చెప్తే నువ్వు నమ్మవు. నమ్మితే విరిగిపోతావు. రెండూ నాకొద్దు. నువ్వు మెట్టువి కావు. ఆ ఇంటికి ఉన్న ఒకే ఒక్క తలుపువి.

ఇకమీదట షాపు చిరునామాకే రాస్తాను. ఈ నంబరు ఆయనకి చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటున్నాననుకో.

నత్త

*

బైండింగ్ షాపు
శనివారం

నత్తా,

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

అన్నయ్య మా ఇంట్లోనే ఉన్నాడు. రోజూ నన్ను షాపు దాకా దింపుతాడు, సాయంత్రం వచ్చి తీసుకెళ్తాడు. మనిషి సగమయ్యాడు. ఒక చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చాడు మొన్న. నా చేతులతో సరిచేశాను. చిన్నప్పుడు నాకు ఆయన చేసిన పనే.

నిన్న ఒక ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. నాలుగేళ్ళ మందుల చీటీలు. నీకు మనసు జబ్బట, లేనిపోనివి ఊహించుకుంటావట, మందులు ఆగితే నీ ప్రాణానికే ముప్పట. డాక్టరు సంతకం ఉంది, నా కళ్ళతో చూశాను. నేను ఇంకో కాగితం మీద సంతకం పెట్టాలట: ప్రయాణంలో నువ్వు తేడాగా ప్రవర్తించావని. అది పెడితే నిన్ను వెనక్కి పంపించి ఆయన సంరక్షణలో ఉంచుతారట.

“నేను ఏడ్చేది నాకోసం కాదమ్మా. ఎక్కడో దిక్కులేకుండా పడి ఉంటుంది. నీకు ఏమైనా తెలిస్తే చెప్పు” అన్నాడు. నా తల మీద చెయ్యి వేశాడు.

నిజమేనా? జబ్బేనా? అదే అయితే సిగ్గెందుకే, వచ్చెయ్యి. నేను నీ పక్కనే పడుకుంటాను, నేనే మందు ఇస్తాను. కాకపోతే కాదని రాయి. ఒక్క ముక్క రాయి. ‘అడగకు’ అంటే నేనెలా ఆగేది? ఒకవైపు నువ్వు, ఒకవైపు నన్ను పెంచినవాడు, చెరో చెయ్యి పట్టుకుని లాగుతుంటే మధ్యలో చిరిగేది నేనే.

మూడు వారాలు చూస్తాను. నువ్వు మాట్లాడకపోతే, నీ ప్రాణం కోసమే, నేను చెప్పేస్తాను. తరవాత నన్ను అనకు.

పిడుగు

*

ల్యాబు పైన గది
ఆదివారం

పిడుగూ,

నీ ఉత్తరం బాక్సులో తొమ్మిది రోజులు పడి ఉంది. జ్వరంతో నేను వెళ్ళలేదు. ఇవాళే చూశాను. చెయ్యి ఎంత వేగంగా నడిస్తే అంత వేగంగా రాస్తున్నాను, అక్షరాలు తూలితే జబ్బనుకోకు.

మీ అన్నయ్య నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు. అందుకే ఎవరికీ చెప్పలేకపోయాను. దెబ్బ ఉంటే చూపించవచ్చు. ఏం చూపించను?

ల్యాబు మానేయమన్నది ఆయనే, నా కళ్ళు పాడవుతాయని. ఫోను తీసుకున్నది ఆయనే, నా తలనొప్పికని. స్నానాలగది తలుపుకి లోపలి గడియ ఊడదీశారు, నేను పడిపోతే ఎలాగని. పడగ్గదికి బయట గడియ పెట్టారు, నేను నిద్రలో నడుస్తానని. నేను ఎప్పుడూ నిద్రలో నడవలేదే! ప్రతిదానికీ ఒక కారణం, ప్రతి కారణమూ నా మంచికే. ఒక్కొక్కటే వచ్చాయి, ఒక్కొక్కటికే సరే అన్నాను. ఒకరోజు వెనక్కి తిరిగి చూస్తే సరే అనడానికి కూడా ఏమీ మిగల్లేదు.

రోజూ మధ్యాహ్నం గ్లాసు పాలు ఇచ్చేవారు. తాగితే సాయంత్రం దాకా ఒళ్ళు తెలిసేది కాదు. నువ్వు వచ్చినప్పుడల్లా నేను నిద్రలో ఉన్నది అందుకే. ఒకసారి అడుగున తెల్లటి పొడి కనపడింది. పదేళ్ళు ప్లాస్టరు పొడి కలిపిన చేతులు నావి. ఏది కరిగిందో, ఏది కరగలేదో నాకు తెలీదా? ఆరోజు నుంచి కుళాయి కింద పారబోసి, కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. నిద్ర నటించడం ఎంత కష్టమో నీకు తెలీదు. ఆయన వచ్చి మొహం దగ్గర వంగి చూసేవారు.

ఆ డాక్టరు నన్ను చూసింది ఒక్కసారి. అప్పుడు నేను మత్తులో ఉన్నాను.

లేని పన్ను నొప్పి తెచ్చుకున్నాను. పళ్ళ డాక్టరమ్మ మా ల్యాబు పాత ఖాతాదారు, లోపలి గదిలోకి ఎవర్నీ రానివ్వదు. ఆరుసార్లు వెళ్ళాను. నోరు తెరిచి కూర్చుని మేడమ్‌కి కబురు చెప్పించాను. కాగితాలు ఆ డాక్టరమ్మ దగ్గరే దాచాను. మంచి పన్ను ఒకటి పోయింది, పోనీ. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది, రెండు ఊళ్ళ పేర్లతో. నేను సముద్రం ఊరు కావాలన్నాను. నేను అడిగింది ఆయన ఇవ్వరు. అందుకే నది ఊరు దొరికింది.

ఇంకోమాట. దీనికి నన్ను క్షమించు. నాలుగేళ్ళుగా నీకు వచ్చిన ఉత్తరాలు నావి కావు. ఆయన ఒక పుస్తకంలో రాసేవారు, నేను చూసి రాయాల్సి వచ్చేది. నీవి కూడా ముందు ఆయనే చదివేవారు.

నీకు చెప్పాలనే అనుకున్నాను. శుక్రవారం ట్రాములో నోరు తెరిచాను. నువ్వు కిటికీకి ముక్కు ఆనించి చిన్నపిల్లలా నవ్వుతున్నావు, ఆ నవ్వు పాడుచెయ్యలేకపోయాను. శనివారం వంతెన మీద, “నీకో సంగతి చెప్పాలే” అన్నాను. నువ్వు నది చూస్తూ “అన్నయ్య కూడా వచ్చుంటే ఎంత బాగుండేదో కదా” అన్నావు. తరవాత చేతితొడుగుల దుకాణంలో గంటసేపు ఆయన కొలత ఊహించి ఊహించి ఒక జత ఎంచావు. తొమ్మిదయ్యేసరికి ఫోను తీసి, నేను ఏం తిన్నానో, ఎవరు పలకరిస్తే నవ్వానో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పావు. ప్రేమతోనే. పక్క మంచం మీద దుప్పటిలో నేను వింటున్నాను. అప్పుడు తెలిసింది, నీకు చెప్తే తొమ్మిదింటికి ఆయనకి తెలుస్తుందని.

ఆ మూడు రోజులు నేను నవ్వినవన్నీ నిజం నవ్వులే. పడవలో నీ టోపీ ఎగిరిపోయినప్పుడు నవ్వింది కూడా.

చెప్పకు పిడుగూ. చెప్పకు.

నత్త

*

విమానాశ్రయం, వెయిటింగ్ హాలు
గురువారం పొద్దున

నత్తా,

చెప్పేశాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. అంతకు రెండు రోజుల ముందే, శనివారం, చెప్పేశాను. మూడు వారాలు గడువు పెట్టాను కదా, లెక్క తప్పకుండా చెప్పాను. పోస్టు బాక్సు నంబరు, ఊరు, ల్యాబు అని కూడా. ఆయన నా నుదుటి మీద ముద్దు పెట్టి “నువ్వు నా బంగారు తల్లివి” అన్నాడు. ఆ ముద్దు చోట మంట పుడుతోంది ఇప్పుడు.

నీ ఉత్తరం చదివాక కూడా ముందు నమ్మలేదు. నిజం రాస్తున్నాను, నమ్మలేదు. జబ్బు మనిషి రాతలనుకున్నాను. ఆయన మంగళవారం బయల్దేరుతూ ఇంటి తాళం నాకిచ్చాడు, మొక్కలకి నీళ్ళు పొయ్యమని. నేను వెళ్ళాను. మొక్కల జోలికి పోలేదు. స్నానాలగది తలుపు చూశాను. గడియ మేకుల రంధ్రాలు పుట్టీతో పూడ్చి పైన రంగు వేశాడు. వేలితో తడిమితే తెలిసింది. పడగ్గదికి బయట గడియ, ఇత్తడిది, నూనె రాసి పెట్టాడు, చప్పుడు రాకుండా.

ఆయన బల్ల సొరుగులో పుస్తకం దొరికింది. నీలం కాలికో గుడ్డ అట్ట, కుట్టు నాది. నా కుట్టు నేను చీకట్లో కూడా గుర్తుపడతాను. ఏదో రాసుకుంటానంటే, మూలలు గట్టిగా వచ్చేలా నేనే ప్రేమగా చేసిచ్చాను. అందులో నువ్వు నాకు రాసిన ప్రతి ఉత్తరమూ ఉంది, ఆయన చేతిరాతలో. కొట్టివేతలతో. ఒకచోట ‘నీ మీద బెంగగా ఉంది’ అని రాసి, కొట్టేసి, ‘ఇక్కడ అందరం క్షేమం’ అని దిద్దాడు.

నాలుగేళ్ళు నీతో మాట్లాడాననుకున్నాను. మా అన్నయ్యతో మాట్లాడాను.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయన నన్ను పెళ్ళి చేసుకుంటానన్న సంగతి నీకు తప్ప ఎవరికీ రాయలేదు నేను. రెండు వారాలకి ఆ మనిషి మా షాపు వైపు రావడం మానేశాడు. నా నుదుటి రాత అనుకున్నాను. దానికి నీ జవాబు ఉన్న పేజీ చివర అన్నయ్య చిన్న అక్షరాలతో రాసుకున్నాడు: ‘మాట్లాడాను. ఇక రాడు.’

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. నేను నానబోసింది నా జీవితాన్నే. నీది కూడా కలిపి.

నీ ఫోను నంబరు నా దగ్గర లేదు, ల్యాబు పేరైనా నువ్వు రాయలేదు. పళ్ళ డాక్టరమ్మ గుమ్మానికి తాళం, ఊళ్ళో లేదట. ఈ ఉత్తరం పోస్టులో వేస్తే నాకన్నా వెనక వస్తుంది. అందుకే నేనే మోసుకొస్తున్నాను. ఆయన రెండు రోజులు ముందున్నాడు.

దేవుడా, బాక్సు దగ్గరికి వెళ్ళకే. ఇంకో జ్వరం తెచ్చుకోవే.

పిడుగు

*

నది ఊరు, పోస్టాఫీసు బల్ల
శుక్రవారం మధ్యాహ్నం

నత్తా,

నిన్న రాసిన ఉత్తరంతో పాటు ఇదీ చదువు. కౌంటరులో ఆవిడ రెండూ నీ బాక్సులో వేస్తానంది.

పొద్దున తలుపులు తీసేసరికి వచ్చాను. బాక్సులకి ఎదురుగా బెంచీ మీద ఆయన కూర్చుని పేపరు చదువుతున్నాడు. నేను కొన్న చేతితొడుగులు వేసుకున్నాడు.

“వచ్చావా? వస్తావనుకున్నాను. కూర్చో” అన్నాడు.

కూర్చున్నాను. పక్కనే, చిన్నప్పుడు బస్సులో కూర్చున్నట్టు. చివరికి “అన్నయ్యా, నీలం పుస్తకం చూశాను” అన్నాను.

ఆయన పేపరు మడిచాడు. కోపం తెచ్చుకోలేదు. నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, “ఎన్ని రోజులైందమ్మా నిద్రపోయి? కళ్ళు చూడు, ఎలా పీక్కుపోయాయో. నీకూ ఒంట్లో బాగుండటం లేదు. నేను చూసుకుంటాను కదా” అన్నాడు. సంచీలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పి ఇచ్చాడు. “తాగు.”

నత్తా, దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. సీసా చేతిలో పట్టుకున్నాను. తాగలేకపోయాను. మామూలు నీళ్ళే అయ్యుండొచ్చు. నలభై ఏళ్ళలో మొదటిసారి మా అన్నయ్య ఇచ్చింది తాగలేకపోయాను. నువ్వు నాలుగేళ్ళు ఏం మింగావో ఆ నిమిషంలో తెలిసింది.

లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళాను. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు ఏరుకుని చెప్పాను: ఆ మనిషి. ఆ బాక్సు. ఆమెకి భయం. ఆమె రాకూడదు. వెంట తెచ్చిన నీలం పుస్తకం చూపించాను, నీ ఉత్తరం చూపించాను, ఆవిడకి అక్షరం ముక్క అర్థం కాలేదు. కానీ నా మొహం చదివినట్టుంది. కిటికీ మూసి ఫోను తీసింది.

పోలీసులు ఇద్దరు వచ్చారు. మా అన్నయ్య ఎంత మర్యాదగా మాట్లాడాడో! చెల్లెలికి మతి స్థిరం లేదని చెప్పాడు. వాళ్ళు ఆయన్నీ చూశారు, నన్నూ చూశారు. నేను జుట్టు విరబోసుకుని ఏడుస్తున్నాను. ఎవరు పిచ్చివాళ్ళని అడిగితే నేనే నన్ను చూపించేదాన్ని. “ఇతను మీకేమవుతాడు?” అని అడిగారు. “మా అన్నయ్య. నన్ను పెంచాడు” అన్నాను. తల్లి మీద ఒట్టేసి చెప్తున్నాను, అది అబద్ధమైతే బాగుండుననిపించింది.

బాక్సు నీ పేరు మీద ఉంది కాబట్టి, నిన్ను అడిగేదాకా ఆయన ఈ చుట్టుపక్కల కనపడకూడదన్నారు. కాగితం మీద రాయించుకున్నారు, నీలం పుస్తకం తమ దగ్గరే ఉంచుకున్నారు. వెనకే నడిచి హోటలు దాకా తీసుకెళ్ళారు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, “చలిగా ఉంది, స్వెట్టరు వేసుకో” అన్నాడు.

ఆదివారం దాకా ఇక్కడే ఉంటాను, మనం దిగిన హోటల్లోనే. నువ్వు రావాలని అడగను. బతికి ఉన్నావని ఎవరితోనైనా కబురు చెయ్యి.

పిడుగు

*

(ఊరు రాయను)
మూడు నెలల తరవాత

పిడుగూ,

ఈ ఉత్తరం మేడమ్ బంధువొకావిడ తనతో తెచ్చి మీ ఊళ్ళో పోస్టులో వేస్తుంది. ముద్ర చూసి నన్ను వెతక్కు.

ఆ శుక్రవారం పొద్దున నేను ట్రాములో ఉన్నాను. బాక్సు చూసుకుందామనే బయల్దేరాను. పోస్టాఫీసు ముందు ట్రాము ఆగింది. దిగడానికి ఒక కాలు మెట్టు మీద పెట్టాను. పెద్ద అద్దాల్లోంచి బెంచీ కనపడింది. మీరిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆయన నీ మొహం చేతుల్లోకి తీసుకున్నారు. నువ్వు ఆయన ఇచ్చిన సీసా అందుకున్నావు.

నువ్వే వెంటబెట్టుకొచ్చావనుకున్నాను.

కాలు వెనక్కి తీసుకున్నాను. చివరి స్టాపు దాకా వెళ్ళి, ఆ ట్రాములోనే కూర్చుండిపోయాను. డ్రైవరు దిగమంటే దిగాను. ఆరోజే గది ఖాళీ చేశాను. మేడమ్ వాళ్ళ చెల్లెలి ఊరు పంపింది. పది రోజులకి మేడమ్ బాక్సు తెరిచి నీ రెండు ఉత్తరాలూ పంపేదాకా నిన్ను తిట్టని తిట్టు లేదు. చచ్చిపోయిన మీ అమ్మని కూడా వదల్లేదు. ఆవిడకి నా తరఫున క్షమాపణ చెప్పు.

ఇప్పుడు నాకు జరిగింది తెలుసు. పోలీసులకి నా మాట రాసి ఇచ్చాను. నీలం పుస్తకం వాళ్ళ దగ్గర ఉండటం వల్లే నా మాట నిలబడిందట. ఆయన తిరిగి వెళ్ళిపోయారని, నువ్వు ఇంటి తాళాలు మార్చావని, మీ షాపుకి ఎదురుగా రోజూ ఒక గంట నిలబడుతున్నారని పళ్ళ డాక్టరమ్మ రాసింది. భయపడకు అనను. భయం నాకు తెలుసు. ఒంటరిగా మాత్రం ఉండకు. ప్రెస్సు వాళ్ళని, పక్క దుకాణం వాళ్ళని ఎవర్నో ఒకర్ని పిలుచుకుని సాయంత్రం ఇంటికి వెళ్ళు. ఆయన ఇచ్చేది ఏదీ తీసుకోకు.

నీ మీద కోపం ఉంది. దాచను. ‘చెప్పకు’ అని కాళ్ళు పట్టుకున్నాను. నువ్వు చెప్పావు. పాతికేళ్ళు పోయినా ఆ మెట్టు మీంచి కాలు వెనక్కి తీసుకున్నది నేను మర్చిపోను. నీ మీద ప్రేమ కూడా ఉంది. రెండూ ఒకే కుండలో కాగుతున్నాయి, ఏది పైకి తేలుతుందో రోజురోజుకీ మారుతోంది. నువ్వు ఆ నీళ్ళు తాగలేదని రాసిన చోట మాత్రం చాలాసేపు ఆగాను.

అందుకే నా చిరునామా నీకు ఇవ్వడం లేదు. నువ్వు చెడ్డదానివని కాదు. ఆయన నీ తల మీద చెయ్యి వేసి అడిగితే ఏమవుతుందో నీకూ తెలీదు, నాకూ తెలీదు.

నెలకొకటి నేనే రాస్తాను. ఇవాళ ఒక పెద్దావిడ కొత్త పళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకుని, “ఇవి నావేనా?” అని మూడుసార్లు అడిగింది. ఇలాంటివే రాస్తాను. ఎవరూ దిద్దరు. తప్పులుంటే ఉంటాయి.

నీకు జవాబు రాయాలనిపిస్తుంది, నాకు తెలుసు, నువ్వు ఊరుకునే రకం కాదు. రాయి. రాసి నీ దగ్గరే ఉంచు. ఎప్పుడు అడుగుతానో చెప్పలేను. అడిగినరోజు అన్నీ కలిపి ఇవ్వు.

నత్త